చెరువు శిఖంలో గూళ్ళ లెక్క: డ్రోన్‌తో, కంప్యూటర్ సాయంతో నీటిపక్షులను లెక్కించే పద్ధతి

వానలు బాగా కురిసి చెరువులు నిండిన ఏడు దక్షిణ తెలంగాణలో శిఖంలోని (చెరువు నీరు పరుచుకునే నేలలోని) నల్లతుమ్మల మీద, ఊరి చింతల మీద కొంగలూ నీటికాకులూ గుంపులుగా గూళ్ళు కడతాయి. ఒకే చెట్టు మీద నీటికాకి, చిన్న తెల్లకొంగ, పశువుల కొంగ, రాత్రి కొంగ కలిసి పిల్లలను సాకడం మామూలే. కట్ట మీద నిలబడి దుర్భిణితో లెక్కపెట్టేవారికి ఇవతలి కొమ్మలే కనిపిస్తాయి కానీ, చెట్టుకు అవతలి వైపున్న గూళ్ళు, నీళ్ళ నడుమ వెనుక వరుసలో ఉన్న చెట్లు కంటికి ఆనవు. తెప్ప మీద చెట్ల కిందికి వెళితే పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. తల్లి లేచిన గూటి మీద కాకి వాలడానికి ఎంతో సేపు పట్టదు. ఈ రెండు ఇబ్బందులనూ తప్పించి, గుడ్లకూ పిల్లలకూ హాని లేకుండా గూళ్ళను లెక్కించడానికి డ్రోన్‌ను, ఫొటోలో పక్షిని గుర్తించే ప్రోగ్రామ్‌ను ఎలా వాడుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మన దేశంలో 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. అది చలికాలంలో నీటి మీద ఉన్న పక్షుల లెక్క. వాటిలో చాలా భాగం వలస వచ్చినవి. ఒక చెరువు ఎన్ని పక్షులకు పుట్టిల్లవుతోందో చెప్పేది గూళ్ళ లెక్క ఒక్కటే. పూడికతీత పేరుతో శిఖంలోని తుమ్మలను కొట్టేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు గ్రామసభ ముందు పెట్టదగిన ఆధారం కూడా అదే. అందుకే ఈ శ్రమకు విలువ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పై నుంచి తీసిన ఫొటోల లెక్కను ఎంతవరకు నమ్మవచ్చన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగం మంచి జవాబు ఇచ్చింది. వారు అడిలైడ్ దగ్గరి బీచ్‌లో ప్లాస్టిక్ బాతులను తమకు తెలిసిన సంఖ్యలో పరిచి, నేల మీద నుంచి అనుభవజ్ఞులతో ఒకసారి, డ్రోన్ ఫొటోల మీద మరొకసారి లెక్కపెట్టించారు. నేల మీది లెక్క కంటే డ్రోన్ లెక్క 43 నుంచి 96 శాతం ఎక్కువ కచ్చితంగా వచ్చింది. అయితే అది ఏ అడ్డూ లేని ఇసుక. మన తుమ్మ కొమ్మల కింద దాగిన గూటికి ఆ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు. ఈ తేడాను ఎలా సరిదిద్దుకోవాలో చివర్లో వస్తుంది.

ఏది లెక్కించాలి

పక్షినా, గూడునా అన్నది డ్రోన్ పెట్టె తెరవక ముందే తేల్చుకోవాలి. పొదిగే కాలంలో సాధారణంగా జంటలో ఒకటి గూటిలో ఉంటే మరొకటి మేతకు వెళుతుంది. కానీ డ్యూటీ మారేటప్పుడు రెండూ గూటి మీదే కనిపిస్తాయి, గూటితో సంబంధం లేని పక్షులు కూడా చిటారు కొమ్మల మీద సేద తీరుతుంటాయి. కాబట్టి ఫొటోలో ఉన్న పక్షుల సంఖ్యను జంటల సంఖ్యగా రాసేస్తే తప్పవుతుంది. ‘పెద్ద పక్షి కూర్చున్న గూడు, లేదా పిల్లలు కనిపిస్తున్న గూడు’ అని ఒక నిర్వచనం పెట్టుకుని, ఆ ఊళ్ళో లెక్కించే వారందరూ దానికే కట్టుబడాలి. ఖాళీ గూళ్ళను వేరే వరుసలో రాయాలి.

అనుమతులు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ‘వేట’ అన్న మాట పరిధిలోకి అడవి పక్షుల గుడ్లను పాడుచేయడంతో పాటు గూళ్ళను కలవరపెట్టడం కూడా వస్తుంది. అందువల్ల మీ ఉద్దేశం ఎంత మంచిదైనా ముందుగా జిల్లా అటవీ అధికారికి రాతపూర్వకంగా తెలిపి అనుమతి తీసుకోవాలి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోనైతే అనుమతి లేకుండా డ్రోన్ బయటికి తీయనే కూడదు.

డ్రోన్ నియమాలు, 2021 ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు బరువున్నవి మైక్రో తరగతిలోకి వస్తాయి. వ్యాపారేతర పనికి మైక్రో డ్రోన్ ఎగరేసేవారికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ప్రభుత్వ గగనతల పటంలో ఆకుపచ్చగా చూపిన చోట 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. పసుపు, ఎరుపు ప్రాంతాల్లో తప్పనిసరి. నాగార్జునసాగర్, జూరాల వంటి పెద్ద ఆనకట్టల దగ్గర నీటిపారుదల అధికారులను, పోలీసులను విడిగా అడగాలి. ఈ కాగితాలకు తోడు మత్స్యకారుల సంఘానికీ, గ్రామ పంచాయతీకీ ముందు రోజే కబురు చేయండి. ఏ చెట్టు మీద ఏ పక్షి ఎప్పుడు గూడు పెట్టిందో, మత్తడి పోసిన ఏడు ఎన్ని చెట్లు నిండాయో చేపలు పట్టేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారితో మాట్లాడకుండా వేసిన ప్రణాళిక సగం గుడ్డిదే.

ఎప్పుడు ఎగరేయాలి

తెల్లకొంగలు, రాత్రి కొంగలు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు ఎక్కువగా వానాకాలంలో గూళ్ళు కడతాయి. ఎర్రకాళ్ళ కొంగల కాలం చెరువును బట్టి, నీటిని బట్టి వానల చివరి నుంచి చలికాలం దాకా సాగుతుంది. నదిలో నీరు తగ్గి ఇసుక దిబ్బలు తేలే ఎండాకాలంలో రివర్ టర్న్ పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి.

గూడు కట్టడం మొదలైన మొదటి రోజుల్లో ఎగరేయకండి. అప్పుడు కలవరపడిన జంట ఆ చోటునే వదిలేసి పోవచ్చు. పిల్లలు ఎగరడానికి సిద్ధమవుతున్న చివరి దశలోనూ వద్దు. బెదిరిన పిల్ల గూటి నుంచి నీళ్ళలోకి దూకేస్తుంది. పొదుగుడు కుదిరిన తరువాత, పిల్లలు ఇంకా చిన్నగా ఉన్న కాలం అనువైనది. రోజులో ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర మధ్య మేలు. నడి ఎండలో తల్లి రెక్కలు చాచి పిల్లలకు నీడ పడుతుంది. ఆ వేళ తల్లి లేస్తే కాకి అవసరం కూడా లేకుండా ఎండే పిల్లలను చంపగలదు. పలుచగా మబ్బు పట్టిన ఉదయం అన్నిటికంటే మంచిది, ఎందుకంటే ఎండలో తెల్లకొంగ వీపు ఫొటోలో ఉత్త తెల్లటి మచ్చగా కాలిపోతుంది, నీడలో నీటికాకి మాయమవుతుంది. కొమ్మలు ఊగేంత గాలి ఉంటే ఆ రోజు పని మానుకోవాలి.

ఎత్తు, వేగం, కట్ట

ఎంత ఎత్తున ఎగరాలన్నది ఫొటోలో ఒక పిక్సెల్ నేల మీద ఎన్ని సెంటీమీటర్లకు సమానమన్న దాన్ని బట్టి నిర్ణయించాలి. కెమెరా సెన్సర్ వెడల్పును ఎత్తుతో గుణించి, లెన్స్ ఫోకల్ దూరాన్ని ఫొటో వెడల్పులోని పిక్సెళ్ళతో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే ఆ కొలత వస్తుంది. 13.2 మి.మీ. సెన్సర్, 8.8 మి.మీ. లెన్స్, 5472 పిక్సెళ్ళ వెడల్పు ఉన్న కెమెరా 60 మీటర్ల ఎత్తున ఉంటే పిక్సెల్‌కు సుమారు 1.6 సెం.మీ., 100 మీటర్ల ఎత్తున 2.7 సెం.మీ. పడుతుంది. మెడ ముడుచుకుని కూర్చున్న పశువుల కొంగ పై నుంచి ముప్పై, ముప్పై అయిదు సెంటీమీటర్లకు మించదు. 60 మీటర్ల నుంచి అది 20 పిక్సెళ్ళు, 100 మీటర్ల నుంచి 12 పిక్సెళ్ళే. ఎర్రకాళ్ళ కొంగ వంటి పెద్ద పక్షికి 100 మీటర్లు కూడా సరిపోతుంది. చిన్న కొంగలను జాతివారీగా విడదీయాలంటే 60 మీటర్ల దరిదాపుల్లోకి రావాలి.

ఇక్కడ మన చెరువులకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. సాధారణంగా డ్రోన్ చూపే ఎత్తు అది లేచిన చోటు నుంచి లెక్క. ఎనిమిది మీటర్ల కట్ట మీద నుంచి లేపి 60 అని పెడితే శిఖం నేలకు అది 68 మీటర్లు. కానీ ఎనిమిది మీటర్ల తుమ్మ తలకు 60 మీటర్లే. కట్ట దిగి ఒడ్డున లేపితే అదే 60 ఆ తుమ్మ తలకు 52 మీటర్లవుతుంది; పక్షికి దగ్గరవుతాం, ఒక ఫొటో పక్క ఫొటోతో కలిసే భాగం తగ్గుతుంది. కాబట్టి ఎత్తును ఎప్పుడూ చెట్ల తలల నుంచి లెక్క కట్టి, లేచిన చోటును నోటుబుక్కులో రాసి, ప్రతిసారీ అక్కడి నుంచే లేపాలి.

పై కెమెరా 60 మీటర్ల నుంచి 90 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు గల నేలను ఒక ఫొటోలో పడుతుంది. ముందువెనుక ఫొటోలు 80 శాతం, పక్క వరుసలు 70 శాతం కలిసేలా ఉండాలంటే 12 మీటర్లకు ఒక ఫొటో, 27 మీటర్లకు ఒక వరుస పడాలి. రెండు వందల మీటర్ల చదరపు గుంపుకు ఎనిమిది వరుసలు, దాదాపు 140 ఫొటోలు అవుతాయి. సెకనుకు 5 మీటర్ల వేగంతో మలుపులతో కలిపి ఏడెనిమిది నిమిషాల పని. షట్టర్ 1/1000 సెకను ఉంటే ఆ వేగంలో ఫొటో 5 మి.మీ. మాత్రమే జరుగుతుంది, 1/250కి దిగితే 2 సెం.మీ. జరిగి, పిక్సెల్ కంటే ఎక్కువై పక్షి అంచులు చెదిరిపోతాయి.

గుంపుకు కనీసం 150 మీటర్ల దూరంలో డ్రోన్‌ను లేపి, అక్కడే పూర్తి ఎత్తుకు చేర్చి, ఆ తరువాత అడ్డంగా, ఒకే వేగంతో గుంపు మీదికి తీసుకురావాలి. ఫ్రాన్స్‌లో బాతులు, రాజహంసలు (ఫ్లెమింగోలు), ఉల్లంకి పిట్టల మీద చేసి 2015లో ప్రచురించిన పరిశీలనలో నెత్తి మీద నుంచి నిలువుగా దిగే డ్రోన్‌కే పక్షులు ఎక్కువగా బెదిరాయి. డ్రోన్ రంగు, వేగం అంతగా తేడా చూపలేదు. పక్షి దృష్టిలో నెత్తి మీద నుంచి దిగేది గద్దే కదా. గుంపు మీద ఆగి నిలబడటం, దగ్గరగా చూద్దామని కిందికి దించడం రెండూ మానండి. మొదటిసారి వెళ్ళిన గుంపు మీద 100 మీటర్లతో మొదలుపెట్టి, ఒక చుట్టు తిప్పి, పక్షులు కదలకపోతేనే 80కి, అక్కడి నుంచి 60కి దిగాలి.

డ్రోన్ నడిపేవారు తెర చూస్తారు కాబట్టి పక్షులను చూడటానికి దుర్భిణితో మరొకరు తప్పక ఉండాలి. మెడలు నిటారుగా లేపి చూడటం మొదటి హెచ్చరిక, నిలబడటం రెండవది. గూటి నుంచి ఒక్క పక్షి లేచినా డ్రోన్‌ను ఆ ఎత్తులోనే అడ్డంగా దూరం తీసుకుపోవాలి. అవి పది నిమిషాల్లో తిరిగి గూళ్ళకు చేరకపోతే ఆ రోజుకు పని ఆపేయాలి. ఈ విషయంలో బేరసారాలకు తావివ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం: లెక్క మరో రోజు కుదురుతుంది, కాకి తిన్న గుడ్డు తిరిగి రాదు. గద్దలు డ్రోన్ మీదికి వస్తే కూడా వెనక్కి రావాలి.

ఫొటోల నుంచి గూళ్ళ వరకు

ఫొటోలన్నిటినీ కలిపి ఒకే పెద్ద పటంగా కుట్టడానికి వెబ్‌ఓడీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది; ఆ పటాన్ని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చెట్టు చెట్టుకూ నంబరు వేసుకోవచ్చు. కాని కుట్టిన పటాన్ని గుడ్డిగా నమ్మకూడదు. రెండు ఫొటోల మధ్య కొమ్మ ఊగినా, పక్షి మెడ తిప్పినా కుట్టుపడిన చోట ఒక పక్షి రెండుగా కనిపించవచ్చు, లేదా సగం చెరిగిపోవచ్చు. చోటు తెలుసుకోవడానికి పటం, అనుమానం తీర్చుకోవడానికి అసలు ఫొటో, ఇలా రెండూ పక్కపక్కన ఉంచుకోవాలి.

తరువాతి పని ఫొటోల మీద ఒక్కో పక్షి చుట్టూ చతురస్రం గీసి, దాని పేరు రాసి కంప్యూటర్‌కు నేర్పడం. దీనికి లేబుల్ స్టూడియో, సీవీఏటీ వంటి ఉచిత పరికరాలు ఉన్నాయి. పెట్టుబడిగా పెట్టవలసిన సమయమంతా ఇక్కడే పెట్టాలి, ఎందుకంటే ఇక్కడ దొర్లిన తప్పును ఏ ప్రోగ్రామూ సరిదిద్దలేదు. పై నుంచి చూస్తే పక్షి మనకు అలవాటైన రూపంలో ఉండదు. ఎర్రకాళ్ళ కొంగ కాళ్ళు కనబడవు. రెక్కల మీది నల్లచారలు, తోక దగ్గరి గులాబీ ఈకలు దాని ఆనవాలు. నత్తగుల్ల కొంగ బూడిద కలిసిన తెలుపుతో ఉండి, వెనుక సగంలో నల్లటి ఈకలు కత్తెరలా కలుస్తాయి. తెల్ల కంకణం పక్షి తలా మెడా నలుపు. కానీ తల రెక్కలో దాచుకుంటే అది అచ్చం తెల్లకొంగే. రాత్రి కొంగకు నల్లటి వీపు, బూడిద రెక్కలు. చిన్న తెల్లకొంగను, మధ్య తెల్లకొంగను 60 మీటర్ల ఫొటోలో నమ్మకంగా విడదీయడం కష్టం. వాటిని ‘తెల్లకొంగలు’ అని ఒకే తరగతిగా ఉంచడమే నిజాయితీ. పక్షి కానివి కూడా మోసం చేస్తాయి: ఆకుల మీద రెట్ట పేరుకున్న తెల్లటి మచ్చలు, కొమ్మకు చిక్కిన పాలిథిన్ సంచి, నీటి మీద ఎండ మెరుపు, సర్కారు తుమ్మ నీడలోని నల్లని మోడు. ఇవి ఎక్కువగా ఉన్న, పక్షులు లేని ముక్కలను కూడా శిక్షణలో చేర్చాలి. లేకపోతే రెట్టను కొంగగా లెక్కించే ప్రోగ్రామ్ తయారవుతుంది.

మొదటి నుంచి నేర్పనక్కర లేదు. డీప్‌ఫారెస్ట్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీలో అనేక ప్రాంతాల వైమానిక ఫొటోల మీద ముందే శిక్షణ పొందిన పక్షి మోడల్ (ఫొటోలో పక్షిని గుర్తించే ప్రోగ్రామ్) ఉంది. అమెరికాలో ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల కొంగల లెక్కలతో ముడిపడి ఎదిగిన పని అది. దానికి మన చెరువుల నుంచి గుర్తు పెట్టిన పక్షులను కొన్ని వందలు చూపి మళ్ళీ శిక్షణ ఇస్తే మన తుమ్మలకు, మన వెలుతురుకు అలవాటు పడుతుంది. ఫొటోలో వస్తువులను గుర్తించే యోలో కుటుంబపు మోడళ్ళను కూడా ఇలాగే వాడవచ్చు.

ఫొటోను మొత్తంగా మోడల్‌కు ఇవ్వకండి. చాలా మోడళ్ళు దాన్ని 640 పిక్సెళ్ళకు కుదిస్తాయి. 5472 పిక్సెళ్ళ ఫొటో అలా కుదిస్తే 20 పిక్సెళ్ళ కొంగ రెండు పిక్సెళ్ళ చుక్కగా మిగులుతుంది. అసలు పరిమాణంలోనే 640 పిక్సెళ్ళ ముక్కలుగా కోసి, ముక్కల అంచులు వంద పిక్సెళ్ళ మేర కలిసేలా చూసి, అంచు మీద రెండుసార్లు దొరికిన పక్షిని తరువాత ఒకటిగా కలపాలి. పరీక్షకు పక్కన పెట్టే ఫొటోలు కూడా అదే చెట్టు పక్క ముక్కలు కాకూడదు. వేరే చెరువువో, కనీసం వేరే చెట్ల గుంపువో అయి ఉండాలి. శిక్షణలో చూసిన పక్షినే పరీక్షలో చూపితే మార్కులు ఎక్కువ వస్తాయి, లెక్క మాత్రం తప్పుతుంది.

యంత్రం చెప్పిన సంఖ్యను సరిదిద్దడం

ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెను అలాగే నివేదికలో రాయడం ఈ పద్ధతిలో నేను చూసే అతి పెద్ద ప్రమాదం. పరీక్ష ఫొటోలలో రెండు నిష్పత్తులు కొలవాలి: అది పక్షి అన్నవాటిలో నిజంగా పక్షులు ఎన్ని, నిజంగా ఉన్న పక్షుల్లో అది పట్టుకున్నవి ఎన్ని. ఉదాహరణకు పక్షులంటూ ప్రోగ్రామ్ మొత్తం 640 చతురస్రాలు గీసిందనుకుందాం. అందులో నూటికి 90 నిజమైనవైతే 576 పక్షులు. ఉన్నవాటిలో నూటికి 80 మాత్రమే అది పట్టుకుంటుందని పరీక్షలో తేలితే 576ను 0.8తో భాగించాలి, 720 వస్తుంది. 640కీ 720కీ ఉన్న తేడా ఒక చెట్టెడు గూళ్ళు కావచ్చు. ఈ నిష్పత్తులు తరగతి తరగతికీ వేరుగా ఉంటాయి. తెల్లకొంగల నిష్పత్తితో నీటికాకుల లెక్కను సరిదిద్దకూడదు. చతురస్రాలన్నిటినీ మనిషి ఒకసారి కళ్ళతో చూసి, పక్షి కూర్చున్నది గూటి మీదా కొమ్మ మీదా అన్నది గుర్తు పెట్టడం తప్పనిసరి. ఆ పనికి యంత్రం ఇంకా చాలదు.

ఇది ఫొటోలో కనిపించే పక్షుల సంగతి. కొమ్మల కింద ఉండి ఫొటోలోనే పడనివాటికి మరో దిద్దుబాటు కావాలి. కొన్ని చెట్లను ఎంచుకుని, అదే ఉదయం ఒడ్డు నుంచి దుర్భిణితో ఆ చెట్ల గూళ్ళను ఫొటో చూడని మనిషి లెక్కించి, ఏ కొమ్మ మీద ఏది ఉందో బొమ్మ గీయాలి. ఆ చెట్ల మీద డ్రోన్‌కు 60 గూళ్ళు, ఒడ్డు మీది మనిషికి 70 గూళ్ళు కనబడి, వాటిలో 50 ఇద్దరికీ కనబడినవే అనుకుందాం. 60ని 70తో గుణించి 50తో భాగిస్తే 84 వస్తుంది; అంటే ఇద్దరూ కలిసి చూసిన 80కి తోడు ఎవరికీ కనబడనివి నాలుగు ఉండవచ్చు. అక్కడ డ్రోన్‌కు కనబడినవి 84లో 60 కాబట్టి, మిగతా చెట్ల డ్రోన్ లెక్కను 1.4తో హెచ్చించాలి. చిటారున గూడు కట్టే ఎర్రకాళ్ళ కొంగకు ఈ గుణకం ఒకటికి దగ్గరగా, కొమ్మల లోపల దాగే రాత్రి కొంగకు చాలా ఎక్కువగా ఉంటుంది. నేల మీద గూడు పెట్టే రివర్ టర్న్‌కు ఆకుల అడ్డు లేదు.

ఒక్కసారి ఎగరేస్తే ఆ ఏటి గూళ్ళన్నీ లెక్కకు రావు. తెల్లకొంగలు దాదాపు మూడు వారాలు, ఎర్రకాళ్ళ కొంగలు సుమారు నెల రోజులు పొదుగుతాయి. గుంపులో కొన్ని ముందు, కొన్ని వెనుక మొదలుపెడతాయి. మూడేసి వారాల ఎడంతో ఎగరేసి, పటం మీద గూటి చోటును పోల్చుకుంటే పాత గూడేదో కొత్త గూడేదో తేలుతుంది. అన్నిటినీ కూడేయకూడదు, అన్నిటిలో పెద్ద సంఖ్యనే తీసుకోవడమూ సరికాదు. కొత్తగా కనిపించిన గూళ్ళను మాత్రమే మొదటి లెక్కకు కలపాలి.

నివేదికలో తేదీ, వేళ, లేచిన చోటు, ఎత్తు, పిక్సెల్ కొలత, మబ్బు, గాలి, ఎన్ని పక్షులు లేచాయి, యంత్రం లెక్క, దిద్దిన లెక్క విడివిడిగా రాయాలి. మధ్య తెల్లకొంగను విడదీయలేకపోతే ఆ మాటే రాయాలి. గుంపు ఉన్న కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను బహిరంగంగా పెట్టకుండా మండలం పేరుతో సరిపెట్టి, పూర్తి వివరాలు అటవీ శాఖకు మాత్రమే ఇవ్వాలి. గుడ్లకూ మాంసానికీ వచ్చేవారు కూడా ఫోన్లో పటాలు చూస్తారు. కోయిల్‌సాగర్ కావచ్చు, పానగల్లు ఉదయసముద్రం కావచ్చు, మీ ఊరి చిన్న కుంట కావచ్చు, ఎగిరిన దారి ఫైలును, తీసిన అసలు ఫొటోలను రెండు చోట్ల భద్రపరచండి. వచ్చే ఏడు అదే దారిలో, అదే ఎత్తున ఎగరేసినప్పుడే రెండేళ్ళ అంకెలను పక్కపక్కన పెట్టడానికి వీలవుతుంది.